నాలుగో రోజున పెచ్చులూడిన కుండలు

కుండ ఆవంలోనే పగిలితే కుమ్మరికి దుఃఖం ఒక్కపూటే. విప్పుతాం, పెంకులు ఏరి గోడవతల పోస్తాం, మిగిలినవి లెక్కబెట్టుకుంటాం. నిక్షేపంగా కాలి, వేలితో కొడితే ఖంగుమని మోగి, బండెక్కి, డబ్బులు కూడా చేతికొచ్చాక కొన్నవాడి దగ్గర పాడయ్యే కుండ ఉంటుంది చూడండి, అది మనిషిని నిద్రపోనివ్వదు. 2023 మార్చిలో నా కొత్త బట్టీలో కాల్చిన 200 కుండలు అలాంటివి. ఏం జరిగిందో, కారణం ఎలా దొరికిందో, ఇప్పుడు ఏం మార్చుకున్నానో రాస్తున్నాను. చెరువు మట్టితో పనిచేస్తూ గడ్డి ఆవం నుంచి కట్టెల బట్టీకి మారుతున్నవాళ్లకు ఇది అక్కరకు రావచ్చు.

మాది జనగామ దగ్గర ఊరు, కుమ్మరి ఇల్లు. నాయినకు డెబ్బై దాటినా సారె ముందు కూర్చుంటే లేవడు. నేను పదేళ్లు హైదరాబాదులో వేరే పని చేసి 2019లో తిరిగొచ్చాను. అప్పటిదాకా మా ఇంట్లో ఒకటే పద్ధతి: నేల మీద పిడకలు, పుల్లలు పరిచి, కుండలు బోర్లించి పేర్చి, సందుల్లో మళ్లీ పిడకలు కూరి, పైన వరిగడ్డి మందంగా కప్పి, దాని మీద బురద పూత. సాయంత్రం అంటిస్తే తెల్లారేదాకా తనంతట తనే కాలుతుంది. కట్టె ఖర్చు తక్కువ. అయితే పొగ పట్టిన నల్ల మచ్చలు తప్పవు, అంచున ఉన్నవి సగం పచ్చిగానే దిగుతాయి.

హైవే మీద కుండ బిర్యానీ అమ్మే ఒక హోటలాయన వచ్చి 200 కుండలు అడిగాడు. కిలో బిర్యానీ పట్టే సైజు, కుండకు 60 రూపాయలు. మచ్చ ఉండొద్దు, ఎర్రగా ఉండాలి, కొడితే మోగాలి. ఆ మాట కోసమే నేను ఇటుకలతో గుండ్రటి బట్టీ కట్టాను. అడ్డంగా 5 అడుగులు, ఎదురెదురుగా రెండు పొయ్యి నోళ్లు, మధ్యలో రంధ్రాలున్న అరుగు, దాని మీద కుండలు, పైన మూతగా పాత పెంకులు. మంట కింద నుంచి కుండల సందుల్లోంచి పైకి పోతుంది. వేడిని డిగ్రీల్లో చూపించే ఒక థర్మోకపుల్ కూడా కొన్నాను. నాయిన దాన్ని చూసి, "జరమొచ్చిన పోరనికి పెట్టినట్టు పెడుతున్నవేందిరా" అని నవ్వాడు.

ఆ రోజు బట్టీ ఎట్లా కాలింది

లోపల 240 కుండలు. పొద్దున 5 గంటలకు పొయ్యి నోటి బయటే చిన్న మంట పెట్టాను. నాలుగు గంటలు అంతే, పుల్లలు, చెక్కపేళ్లు. ఆరిన కుండలో కూడా చెమ్మ దాగి ఉంటుంది. అది ఆవిరై మెల్లగా బయటికి రావాలి. తొందరపడితే లోపలే పేలుతుంది. పైన పెంకుల సందు మీద ఒక స్టీలు పళ్లెం పట్టి చూస్తాను. పళ్లేనికి చెమట పట్టినంతసేపూ మంట పెంచను. తొమ్మిదింటికి పళ్లెం పొడిగా వచ్చింది, మీటరు 120 చూపించింది. మధ్యాహ్నానికి 300. అక్కడి నుంచి మట్టిలో కలిసిపోయి ఉన్న నీళ్లు, అంటే ఎండకు పోనివి, మట్టి గుణంలోనే ఉన్నవి, వదలడం మొదలవుతుంది. ఆ నీళ్లు పోయాక కుండను నీళ్లలో వేసినా మళ్లీ బురద కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువులు ఉన్నట్టుండి ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటాయి. అక్కడ రెండుసార్లూ నెమ్మదిగా దాటాలి.

నాలుగైంది. ఇక సర్కారు తుమ్మ మొద్దులు మానేసి పత్తి కట్టె, ఎండిన తాటి మట్టలు వేశాను. మొద్దు నిప్పును నిలబెడుతుంది గానీ మంటకు పొడుగు ఇవ్వదు. పత్తి కట్టె బుస్సుమని లేచి పైవరస దాకా నాలుక చాపుతుంది. ఆరింటికి సందులోంచి చూస్తే కుండలన్నీ నారింజ రంగులో మండుతున్నట్టు ఉన్నాయి, కుండకూ కుండకూ మధ్య అంచు కనిపించలేదు. మీటరు 880. ఇంకో అరగంట అక్కడే నిలిపి, నోళ్లు ఇటుకలతో మూసి, మట్టి మెత్తాను. మొత్తం ఐదారు క్వింటాళ్ల కట్టె పోయింది.

మూడో రోజు విప్పితే 221 బాగున్నాయి. ఒక్కదానికీ మచ్చ లేదు. నాయిన ఒక కుండ తీసి వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ కొట్టాడు. ఏమీ అనలేదు. మా నాయిన ఏమీ అనకపోవడం అంటే మెచ్చుకోవడమే. 200 గడ్డిలో పెట్టి పంపాను, 21 ఇంట్లో ఉంచాను.

పంపిన నాలుగో రోజు హోటలాయన ఫోను. "అన్నా, నీ కుండలకు అమ్మోరు పోసినట్టున్నది. ఇట్లెందుకయితున్నయే?"

వెళ్లి చూశాను. ఆ మాటకు మించి చెప్పడానికేం లేదు. కుండల నిండా శనగగింజంత, కొన్నిచోట్ల పావలా బిళ్లంత గుంటలు. ఒక వాడుకదారుడి పంటి కింద పెచ్చు పడిందట. ఆయన గొడవపడలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. 12,000 రూపాయలు తిరిగిచ్చి, కుండలు ట్రాలీలో వేసుకుని వచ్చాను. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. నా విషయంలో గుదియ కూడా అక్కర్లేకపోయింది.

తప్పు దారులు

మొదట నాకు తోచినవి రెండూ తప్పే. కానీ ఎందుకు తప్పో చెప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఈ రెండింటినీ, అసలు జబ్బునూ కలిపి మనవాళ్లు ఒకే పేరుతో పిలుస్తారు: "మట్టి బాలేదు".

చెమ్మ ఆరకుండా కాల్చానేమో అనుకున్నాను. చెమ్మ వల్ల పోయే కుండ బట్టీలోనే, మొదటి కొన్ని గంటల్లోనే పోతుంది. ఆ చప్పుడు బయటికి వినిపిస్తుంది. పెంకు పలకలు పలకలుగా లేస్తుంది. కాలి, చల్లారి, నాలుగు రోజులు బాగున్న కుండకు చెమ్మ కారణం కాదు.

తర్వాత చౌడు అనుకున్నాను. తెల్లగా కనిపించింది కాబట్టి. చౌడు ఉప్పు కుండ పైన పొడిలా పొరకడుతుంది, వేలితో తుడిస్తే పోతుంది, కింద కుండ గట్టిగానే ఉంటుంది. నా కుండలకు పొర లేదు, గుంటలున్నాయి. ప్రతి గుంటా గరాటు ఆకారంలో, లోపలికి పోయేకొద్దీ సన్నగా. అడుగున సరిగ్గా మధ్యలో ఒక తెల్లటి గింజ. ఒక్క గుంటలో కూడా ఆ గింజ తప్పలేదు. గోరుతో గీరితే మెత్తగా పిండిలా రాలింది. పొడవు గోరున్న వాళ్లు ఎవరైనా మొదటి రోజే కనిపెట్టేవాళ్లు, నేను రెండు రోజులు మీటరు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

దారి చూపించింది మా ఇంటావిడ. ఇంట్లో మిగిలిన 21 కుండల్లో ఒకటి తీసుకుని నీళ్లు పోసి పెట్టింది. రెండు రోజుల్లో దానికి పదకొండు గుంటలు పడ్డాయి. గది మూలలో పొడిగా ఉన్న ఇరవైలో అప్పటికి మూడింటికే, అదీ ఒక్కొక్కటి. "నీళ్లు తగిలిందానికే పుడుతున్నయి చూడు" అంది. హోటల్లో కూడా కుండల్ని ముందు రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు దమ్ముకు పెట్టారు. నీళ్లూ ఆవిరీ రెండూ తగిలాయి. అంటే కుండలో నీళ్లు తాగి ఉబ్బేది ఏదో ఉంది. అది పచ్చి కుండలో లేదు, కాల్చాకే పుట్టింది.

ఆ తెల్ల గింజను అరచేతిలో పెట్టి నాయినకు చూపించాను. నాలుక కొసకు తాకించి ఉమ్మేశాడు. "సున్నం. నువ్వు కుండలు కాల్చలేదురా, సున్నం కాల్చినవ్."

గుల్లసున్నం చేసేవాళ్లను చూసినవాళ్లకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు. నత్తగుల్లల్ని బొగ్గుల్లో ఎర్రగా కాలుస్తారు, చల్లారాక నీళ్లు చల్లుతారు, గుల్ల సలసలమంటూ పొంగి పిండి అవుతుంది. సున్నపురాయైనా, గుల్లయినా గట్టిగా వేడెక్కితే అందులోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది. 100 గ్రాముల సున్నపురాయి పూర్తిగా కాలితే 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. దానికి నీళ్లంటే ఎక్కడలేని దాహం. కుండ గోడలో ఇరుక్కున్న గింజ గాలిలోని తేమనైనా సరే తాగి, తడిసున్నమై, తనున్న చోటు చాలక పైన ఉన్న పెంకును తోసేస్తుంది. ఆ తోపుకు లేచిన పెచ్చే నా గుంట.

గింజలు ఎక్కడివి? చెరువువి. ముందు ఎండాకాలం మా చెరువులో యంత్రాలతో పూడిక తీశారు, ట్రాక్టర్లు పొలాలకు తోలుతుంటే మేమూ నాలుగు ట్రిప్పులు తెచ్చుకున్నాం. తాత కాలం నుంచీ మేము చెరువులో ఒకచోటే, అదీ పైన రెండడుగులే తవ్వేవాళ్లం. యంత్రం బకెట్ ఐదారడుగులు దించి పైదీ కిందదీ కలిపేసింది. నల్లరేగడి అడుగున సుద్దలాంటి తెల్లటి సున్నపు గడ్డలుంటాయని మా వైపు రైతులందరికీ తెలుసు. మట్టి తొక్కేటప్పుడు కాలికి గరుగ్గా తగిలాయి కూడా. పెద్దవి ఏరేశాం, చిన్నవి ఇసుకే అనుకున్నాం.

అయితే మంట?

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. మట్టిదే తప్పు, మట్టి మార్చాలి. కానీ నాయిన ఒక మాటన్నాడు: అదే నాలుగు ట్రిప్పుల మట్టితో తను సంక్రాంతి ముందు పాత ఆవంలో నీళ్ల కుండలు కాల్చాడు, అవి ఊళ్లో ఇళ్లల్లో నీళ్లతో నిండి ఉన్నాయి, ఒక్కరూ అడగలేదు. మూడిళ్లు తిరిగి చూశాను. నిజమే, ఒక్క గుంట లేదు. ఒక కుండ పగలగొట్టనిమ్మని అడిగి, బదులు ఇంకోటి ఇచ్చి, పెంకును రంపంతో కోశాను. తెల్ల గింజలు లోపల అలాగే, గట్టిగా, రాయిలా ఉన్నాయి.

ఆ వారమే పాత పద్ధతిలో ఒక ఆవం పెట్టించి మధ్యలో ఒకసారి, అంచున ఒకసారి థర్మోకపుల్ దూర్చాను. మధ్యలో ఎక్కువలో ఎక్కువ 735, అదీ పావుగంట. అంచున 640 దాటలేదు. సున్నపురాయి అంత తక్కువ వేడిలో, అంత తక్కువసేపట్లో కాలదు. 800 దాటాక తొందరపడుతుంది, 900 దగ్గర ఇక ఆగదు. నా బట్టీలో కుండలు గంటన్నర పాటు 850 పైనే ఉన్నాయి.

నేను పాత ఆవాన్ని చాతగానిదని అనుకునేవాణ్ణి. మచ్చలు పడుతుంది, వేడి చాలదు, మోత రాదు. ఆ చాలని వేడే ఇన్నేళ్లూ గరుకు మట్టిని కాపాడింది. నాయినకు డిగ్రీలు తెలియవు, కానీ ఆ మట్టీ ఆ మంటా జంటగా తరాలనాటివి. నేను ఏడాది తిరక్కుండానే రెండింటినీ మార్చేశాను. ఒక్కటే మార్చి ఉంటే తప్పు ఎక్కడుందో అప్పుడే తెలిసేది, లేదా అసలు తప్పే బయటపడేది కాదు.

తర్వాత చేసిన పరీక్షలు

చిన్న ఇటుకల గూడు కట్టి, ఒక్కో వేడికి పది గురుగుల చొప్పున కాల్చాను. చల్లారాక నీళ్లలో ఒక రోజు, తర్వాత రెండు గంటలు మరిగించడం, తర్వాత తడి గోనె కింద నెల.

మట్టి ఉన్నది ఉన్నట్టుగా: 700 దగ్గర పదీ బాగున్నాయి. 760 దగ్గర రెండింటికి చిన్న గుంటలు. 820 దగ్గర ఏడు పోయాయి, 880 దగ్గర పదీ. ఇంకా పైకి పోతే సున్నం మట్టితోనే కలిసి కరిగి నెమ్మదిస్తుందని విని, మొండిగా ఒకసారి 1,000 దాటించాను. సన్నటి పొడికి ఆ మాట నిజం కావచ్చు గానీ జొన్నగింజంత గడ్డ అంత తేలిగ్గా కలిసిపోదు. గుంటలు పడనే పడ్డాయి, పైగా గురుగులు వంకరపోయాయి. పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వాళ్లు 1971 నుంచి కట్టెల బట్టీలతో అంతకంటే ఎంతో ఎక్కువ వేడిలో గట్టి పింగాణీ తరహా సరుకు చేస్తున్నారు, కానీ అది ఆ వేడికి తట్టుకునేలా కూర్చిన మట్టి. మా చెరువు మట్టిని అక్కడికి తీసుకెళ్తే కుండ కాదు, కరిగి గడ్డకట్టిన చిట్టెం అవుతుంది.

ఉప్పు: 100 కిలోల పొడి మట్టికి కిలో ఉప్పు నీళ్లలో కలిపాను. గుంటలు తగ్గాయి, పోలేదు. పైగా ఆరేటప్పుడు అంచులకు తెల్లటి పూత వచ్చింది. నాకు నచ్చలేదు, వదిలేశాను.

నీళ్లలో ముంచడం: అప్పటికే ఆ సున్నపు గడ్డల మట్టితో చేసి ఆరబెట్టిన పచ్చి కుండలు 90 షెడ్డులో ఉన్నాయి. అరవై నానబెట్టి మళ్లీ బురద చేశాను. ముప్ఫై కాల్చి, చేతికి వెచ్చగా ఉండగానే తీసి నీళ్ల తొట్టిలో పూర్తిగా ముంచాను, బుడగలు ఆగేదాకా. ఒక్కసారిగా నీళ్లు దొరికితే సున్నం ముద్దయి మట్టి రంధ్రాల్లోకి పాకుతుంది, మెల్లగా ఉబ్బి తోయడం తగ్గుతుంది. ముప్ఫైలో తొమ్మిదికి గుంటలు పడ్డాయి. ఆపద గడవడానికి పనికొస్తుందే గానీ దీన్ని నమ్ముకుని హోటలుకు సరుకు పంపలేను.

జల్లెడ: చివరికి నిలిచింది ఇదే. మట్టిని డ్రమ్ములో పల్చటి బురద చేసి 30 నంబరు జల్లెడలో పట్టాను. 880 దగ్గర ఇంకా గుండుసూది తలంత గుంటలు. 60 నంబరు, అంటే పావు మిల్లీమీటరు కన్నాల జల్లెడలో పట్టాక రెండు నెలలైనా ఏమీ లేదు. సున్నం మట్టిలోంచి పూర్తిగా పోలేదు, ఆ పొడి ఇంకా అందులోనే ఉంది. కానీ అంత సన్నటి రేణువు ఉబ్బినా పెంకును లేపేంత బలం దానికుండదు.

ఇందులో ఒక చిక్కు ఎవరూ చెప్పరు. జల్లెడ సున్నపు గింజలతో పాటు ఇసుకనూ ఆపేస్తుంది. వెన్నలాంటి మట్టి చేతికొస్తుంది, సారె మీద హాయిగా లేస్తుంది, ఆరేటప్పుడు మాత్రం అడుగు నెర్రెలిస్తుంది. పొయ్యి మీద పెట్టే కుండకైతే ఇసుక తప్పనిసరి. బయటి ఇసుక 15 శాతం దాకా కలిపాను, కలిపే ముందు ఆ ఇసుకకూ పరీక్ష చేశాను. ఇసుకలో కూడా గుల్ల ముక్కలుంటాయి.

ఆ పరీక్ష సులువే. బాత్రూం కడిగే ఆసిడ్‌ను ఆరుబయట, నీళ్లలోకి ఆసిడ్ పోసి పల్చన చేసి (ఆసిడ్‌లోకి నీళ్లు కాదు), ఎండిన మట్టి గడ్డ మీద రెండు చుక్కలు వేయాలి. బుసబుస పొంగితే సున్నపురాయి ఉన్నట్టే. అంతటా సన్నగా నురగ వస్తే పొడి రూపంలో ఉంది, పెద్ద భయం లేదు. ఒక్కొక్క చుక్క చోట గుబుక్కున పొంగితే గడ్డలున్నాయి, జల్లెడ తీయాల్సిందే. నిమ్మరసంతో కూడా తెలుస్తుంది, కాకపోతే నెమ్మది.

ఇప్పుడు ఖర్చు మాట. బురద చేసి, పట్టి, తేరనిచ్చి, పై నీళ్లు వంచి, మళ్లీ తొక్కే పదునుకు రావడానికి ఎండాకాలంలోనే పది రోజులు పడుతోంది, వానాకాలం అయితే అడగొద్దు. హోటలు కుండకు 75 చెబుతున్నాను. ఆయన ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు, 50 మాత్రమే అడిగాడు. ప్రతి బట్టీ నుంచీ పై వరసలో రెండు, మధ్యలో రెండు, పొయ్యి నోటి దగ్గర ఒకటి తీసి మరిగించి, తడిగా ఉంచి, పది రోజులు చూశాకే బండెక్కిస్తున్నాను.

నీళ్ల కుండలు మాత్రం కొత్త బట్టీలో కాల్చడం మానేశాను. తక్కువ వేడిలో కాలిన గోడకు చిన్న చిన్న రంధ్రాలు ఎక్కువ, నీళ్లు బయటికి ఊరి ఆరుతూ ఉంటాయి, ఆ ఆరడంలోనే చల్లదనం. 880లో కాల్చిన కుండలో నీళ్లు పోసి నాయినకిస్తే ఒక గుక్క తాగి, మిగతాది చెట్టుకు పోశాడు. అవి పాత ఆవంలోనే, జల్లెడ లేకుండా, నల్ల మచ్చలతో సహా.

ఈ ఎండాకాలం మట్టికి వెళ్తే నాయిన అంగీ జేబులో నిమ్మకాయ ఉంది. గుంత అంచు నుంచి చారెడు మట్టి తీసి, నిమ్మకాయ కొరికి పిండి, ఆ గడ్డను చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను ఆసిడ్ సీసా తీయబోతే చెయ్యి అడ్డంపెట్టి, ఆగమన్నాడు. కాసేపు విని, ఇంకో నాలుగడుగులు పక్కకు జరిగి, "ఈడ తవ్వు" అన్నాడు.